వెనక మెట్ల తాళం

కాదు, నేనొప్పుకోను. "బిల్డింగ్ ఓనరుతో పెట్టుకుంటే చివరికి నష్టపోయేది అద్దెకున్నవాళ్ళే, కాస్త సర్దుకుపోవాలమ్మా" అని మొన్న మళ్ళీ ఒక పెద్దమనిషి నాకు బుద్ధి చెప్పబోయాడు. ఆయనది సొంత దుకాణం. ముందొక షట్టర్, వెనకొక షట్టర్. ఎటు నుంచి పరిగెత్తాలో ఎంచుకునే భాగ్యం ఉన్న మనిషి, తాళం వేసిన మెట్ల ఇవతల ఏడాదిన్నర ఉద్యోగం చేసినదానికి సర్దుబాటు గురించి చెప్పకూడదు. ఆ మాటే ఆయనతో అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

అసలు జరిగిందేమిటో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళ కోసం చెబుతాను. ఐడీ కార్డు మెడలో వేసుకుని మొదటిరోజు సెల్ఫీ పెట్టారు చూడండి, మీకే. నేనూ పెట్టాను. ఆ సెల్ఫీలో నా వెనక ఒక ఇనుప గ్రిల్లు, దానికి అరచేయంత తాళం కనిపిస్తాయి. బోలెడు లైకులు వచ్చాయి. ఆ తాళం ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

బెంగళూరు శివార్లలో, హెబ్బగోడిలో మెయిన్ రోడ్డు దిగి రెండు సందులు లోపలికి వెళితే ఉంటుంది ఆ బిల్డింగ్. కింద మెస్. దాన్ని నడిపేది అనంతపురం వైపు నుంచి వచ్చిన అన్న, వదిన. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం సంగటి, పప్పు. మొదటి అంతస్తులో మా కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్. నేను సెంటర్ ఇన్‌ఛార్జిని. పేరు పెద్దదే కానీ, పొద్దున షట్టర్ ఎత్తడం నుంచి ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం దాకా అన్నీ నేనే. రెండో అంతస్తులో కుట్టు యూనిట్. స్కూలు యూనిఫాంలు, ఫ్యాక్టరీ ఏప్రన్లు కుట్టే పదకొండు మంది ఆడవాళ్ళు. దాన్ని నడిపే అక్క మదనపల్లె మనిషి, ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్ళయింది.

ఎక్కడానికీ దిగడానికీ ముందువైపు మెట్లు ఒక్కటే. ఆ మెట్ల మొదట్లో, గోడకి, బిల్డింగ్ మొత్తానికీ కరెంటు పంచే మెయిన్ బోర్డు. దానికి జానెడు పైన ట్యాంకు నుంచి దిగే నీళ్ళ పైపు. పైపు కారుతుంది. వాన పడితే గోడంతా నానుతుంది. బోర్డు చిటపటమంటుంది.

వెనకవైపు ఇంకో మెట్ల దారి ఉంది. ప్రతి అంతస్తులోనూ దానికి గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. లోపల తలుపులు, ద్వారబంధాలు, కిటికీలు, దూలాలు కింది నుంచి పైదాకా పేర్చి ఉన్నాయి. అత్తిబెలెలో ఓనరు తండ్రి కట్టించిన ఇల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిందట. ఆ ఇంటి కొయ్యంతా తెచ్చి ఇక్కడ సర్ది తాళం పెట్టాడాయన. అంటే ముందు మెట్ల దగ్గర నిప్పు పుడితే పైనున్న మేమంతా ఎటు వెళ్ళాలి? కిటికీలకు కూడా ఇనుప చువ్వలే.

ఈ సంగతి నాకంటే ముందు అక్కకు తెలుసు. అందుకే వాళ్ళ యూనిట్లో ఒక పద్ధతి ఉండేది. వాన మొదలవగానే ఒకామె మిషను ఆపేసి కిందికి వచ్చి, ముందు మెట్ల దగ్గర స్టూలు మీద కూర్చుని బోర్డునే చూస్తూ ఉండాలి. చప్పుడు పెరిగినా, వాసన వచ్చినా కేక పెట్టాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'వాన డ్యూటీ'. కుట్టిన ముక్కకే కూలి కాబట్టి, ఆమె కూర్చున్నంత సేపూ మిగతావాళ్ళు తలా కొన్ని ముక్కలు ఆమె పేరిట కుట్టి పెట్టేవాళ్ళు. చిత్రమేమిటంటే ఆ డ్యూటీకి ఎక్కువసార్లు దిగేది ఒక్కామే. ఆమెకు ఎడమ కాలు సరిగా పడదు. రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతుంది. పదకొండు మందిలో అక్కకు ఈమే దొరికిందా అని నాకు ఒళ్ళు మండేది.

ఓనరు అంకుల్ తెలుగాయనే, తాతల నాటి నుంచి ఇక్కడివాళ్ళు. నేను వాట్సాప్‌లో బోర్డు ఫొటో పంపితే మర్నాడు పొద్దున ఆయన నుంచి గులాబీ పువ్వు మీద ఒక మంచిమాట వచ్చేది. ఫోన్ చేస్తే ఇలా సాగేది:

"వాన నిలవనీమ్మా, చూస్తాం."

"వాన నిలిచింది అంకుల్."

"నిలిచింది కదా, ఇంకేం తొందర?"

ఏడు నెలలు గులాబీలు అందుకున్నాను.

ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. బోర్డులోంచి నీలంగా రవ్వ లేచింది. స్టూలు మీదున్నామె పెట్టిన కేకకు అందరూ దిగి వచ్చి రోడ్డు మీద తడుస్తూ నిలబడ్డారు. మెస్ అన్న చెక్క గరిటెతో మెయిన్ ఆపేలోపు రెండో రవ్వ నా ఫోన్లో పడింది. ఒకటిన్నర నిమిషం వీడియో, దాని మీద నా గొంతు. ఓనరును అనాల్సినవన్నీ అన్నాను, అనకూడనివి కూడా ఒకటో రెండో దొర్లాయి. ఏరియా గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి అదే వీడియో నాకు నాలుగు చోట్ల నుంచి తిరిగొచ్చింది. ఏదో సాధించినట్టు పొంగిపోయాను.

మూడో రోజు మున్సిపల్ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన చేతిలోని ఫోన్లో నా వీడియోనే ఉంది. బోర్డు చూశాడు, పైపు చూశాడు, రాసుకున్నాడు. తర్వాత వీడియోను ఒకచోట ఆపి, వేళ్ళతో పెద్దది చేసి నా ముందు పెట్టాడు.

"ఇవి ఎవరివి మేడం?"

మెట్ల కింద వరసగా ఆరు గ్యాస్ సిలిండర్లు. మెస్‌వి. నేను అరుస్తున్నంత సేపూ అవి అక్కడే ఉన్నాయి, ఫొటోకు నిలబెట్టినట్టు.

ఓనరుకు ఉత్తరం పంపుతామన్నారు. మెస్‌ను మాత్రం సిలిండర్లు తీసేదాకా తెరవొద్దని అక్కడికక్కడే మూయించారు.

మర్నాడు ఓనరు అంకుల్ కారు దిగాడు. నేను గేటు దగ్గరే ఎదురెళ్ళాను.

"నా బిల్డింగును ఊరందరికీ చూపించినావంట కదమ్మా. ఫ్రీ పబ్లిసిటీ. శానా థ్యాంక్స్."

"బోర్డు మార్చండి అంకుల్, అది కూడా పోస్ట్ చేస్తా. ఫైవ్ స్టార్ రివ్యూ ఇస్తా."

"ముందు మీ సంత తీయండి. ఆయప్పవి సిలిండర్లు, ఆయమ్మవి గుడ్డల మూటలు, నీవి బ్యాటరీలు. దారికి అడ్డం పెట్టుకోని ఉండేది మీరు. నా తలుపులు ఎవురికి అడ్డం వస్తా ఉండాయి?"

"వెనక స్టెప్స్ మొత్తం బ్లాక్ అయితే ఎవరికి అడ్డం అని అడుగుతున్నారా?"

"అవి మా నాయన చేపిచ్చిన తలుపులు. ఇష్టం లేకుంటే ఖాళీ చేయండమ్మా. బలవంతమేం లేదు."

కారు కదిలాక కూడా ఇంకో నాలుగు మాటలు అరిచాను. ఆయనకు వినపడలేదు. మూసిన షట్టర్ ముందు కూర్చున్న మెస్ అన్నకు వినపడ్డాయి.

"ఇంగా గట్టిగా అరువు పాపా," అన్నాడు. "వీడియో గూడా తీయి. ఈ తూరి నా గిన్నెలు పడేట్టు తీయి, అవీ ఎత్తుకోని పోతారు."

క్షమించమని అడగడం నాకు చేతకాదు. అయినా నోరు పెగల్చుకుని, "సారీ అన్నా. ఫ్రేమ్‌లో ఉన్నాయని చూసుకోలేదు," అన్నాను.

"ఫ్రేమ్‌లో యాల పాపా? దినామూ ఆ సిలిండర్ల పక్కనుంచే కదా ఎక్కుతాండావు."

ఈసారి వాటిని చూస్తూ మెట్లెక్కాను.

పైకి వెళ్ళి అక్క దగ్గర ఓనరును తిట్టడం మొదలుపెట్టాను. ఆమె కత్తెర ఆపకుండా విని, "ఆయప్ప చెప్పిన దాంట్లో సగం నిజమే," అంది.

"అక్కా! నువ్వు ఆయన సైడా?"

"సైడూ లేదు, గీడూ లేదు. రా చూపిస్తా."

ముందు మెట్ల మీద నన్ను నడిపించుకుంటూ దింపింది. పై మలుపులో నడుమెత్తు గుడ్డ మూటలు. "ఇవి నావి." మా సెంటర్ గుమ్మం ముందు ఇన్వర్టర్ బ్యాటరీలు రెండు, పాడైపోయిన మానిటర్ల గుట్ట. "ఇవి నీవి." కింద సిలిండర్లు. "అవి అన్నవి. మనిషి దిగాలంటే పక్కకు తిరిగి దిగాల. నిప్పు పుట్టినప్పుడు పక్కకు తిరిగేంత నిదానం ఉంటాదా పాపా? ముందు మన చెత్త మనం తీసేద్దాం. అప్పుడు ఆయప్పకు మాట్లాడేదానికి ఏం మిగల్దు. అప్పుడు ముగ్గురమూ అడుగుదాం."

నాకు నచ్చలేదు. తప్పు ఆయనదైతే మనమెందుకు ముందు వంగాలి అన్నాను. అక్క నా వంక చూసి, "వంగకుండా మూట ఎత్తేది ఎట్లో చూపించు మరి," అని మూటకు ఒక కొస పట్టుకుంది. రెండో కొస నేను పట్టుకోక తప్పలేదు.

అన్న పక్కనున్న ఖాళీ జాగాలో ఇనుప జాలీతో గూడు కట్టించి సిలిండర్లు అందులోకి మార్చాడు. ఆ రోజే మెస్ తెరిచారు. అక్క తన యూనిట్ గోడకు అరలు కొట్టించింది. నా సంగతే తెమల్లేదు. పాడైన మానిటర్లు పారేయడానికి మా హెడ్డాఫీసు అనుమతి కావాలట. మెయిల్ మీద మెయిల్ రాశాను. పదో రోజున విసుగొచ్చి పాత సామాన్లు కొనే గుజరీ బండివాడిని పిలిచి మొత్తం తూకానికి ఇచ్చేశాను. అందుకు నాకొక మెమో వచ్చింది. నా ఉద్యోగ జీవితంలో నేను దాచుకున్న కాగితం అదొక్కటే.

ఇక ఓనరుకు ఇవ్వాల్సిన ఉత్తరం. నేను రెండు రాత్రులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. చట్టాలు, సెక్షన్లు, హెచ్చరికలు. అక్క తిరగేసి, "పరీక్ష ఏమన్నా రాసినావా పాపా?" అంది. చివరికి అర పేజీ మిగిలింది. వెనక మెట్ల మీది కొయ్య తీయాలి. గ్రిల్లులకు తాళాలు తీసేసి లోపలి వైపు గొళ్ళెం పెట్టాలి. పైపు మార్చి, బోర్డు కొత్తది పొడి గోడకు బిగించాలి. అప్పటిదాకా మాకు వాన డ్యూటీ తప్పదు. గడువు పదిహేను రోజులు. కాకపోతే ముగ్గురం కలిసి ఫైర్ ఆఫీసుకూ మున్సిపల్ ఆఫీసుకూ వెళతాం, మా అడ్డంకులు మేం తీసేసిన ఫొటోలతో సహా. కింద పదకొండు మంది కుట్టేవాళ్ళతో కలిపి అందరి సంతకాలూ ఉన్నాయి, తెలుగులో, కన్నడలో, ఇద్దరివి హిందీలో.

రిజిస్టర్ పోస్టులో పంపుదామన్నాను.

"పంపు," అన్నాడు అన్న. "సంతకం పెట్టి తీసుకుంటాడు, బీరువాలో పెడతాడు, దానికీ ఒక బీగం ఏస్తాడు."

అందరం నవ్వాం. అక్క మాత్రం ఆలోచిస్తూ, "ఆయుధపూజ వస్తా ఉండాది కదా," అంది.

ఈ ఊళ్ళో ఆయుధపూజ అంటే తెలుసుగా. ఏ షాపు చూసినా పనిముట్లు కడిగి, కుంకుమ పెట్టి, పూలు చుట్టి పెడతారు. ఆ రోజు వాటితో పనిచేయరు. మా ఓనరు ఏటా వచ్చేవాడు. గేటు దగ్గరే హారతి, గేటు దగ్గరే గుమ్మడికాయ, బొరుగులు పుట్నాల పొట్లం అందుకుని వెళ్ళిపోవడం. ఒక్క మెట్టు ఎక్కేవాడు కాదు.

అక్క అప్పటికప్పుడే స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. "సార్, ఈసారి మీ నాయన తలుపులకు గూడా పూజ చేస్తాం. ఇన్నేండ్లు మా కాడే ఉండాయి, ఒక్క పువ్వు పెట్టలేదు మేము. బీగంచెవులు తీసుకోని రాండి."

"మంచిదమ్మా," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

పండగ రోజు తెల్ల పంచె, జరీ ఉత్తరీయంతో దిగాడు. పక్కన ఆంటీ. కింది గ్రిల్లు తాళం తనే తీశాడు. తుప్పుకు రాకపోతే అన్న నూనె పోశాడు. పూజకు ముందు దుమ్ము దులపాలి కదా అని అక్క అంటే, అన్నా, కుట్టు యూనిట్ ఆడవాళ్ళూ, మా స్టూడెంట్లు కొందరూ వరసలో నిలబడి ఒక్కొక్కటే బయటి జాగాలోకి అందించారు. పైన ఉన్నవి బాగానే ఉన్నాయి. సింహద్వారం తలుపు ఎండలో పెట్టగానే దాని మీది చిలుకలు బయటపడ్డాయి. అంకుల్ ఉత్తరీయంతో తుడుస్తూ, "ఈ చిలక ముక్కు నేనే విరగ్గొట్టినా. దెబ్బలు తిన్యా," అని చెప్పుకుపోయాడు.

ఆ తర్వాత అడుగున ఉన్నవి వచ్చాయి. అన్న ఒక ద్వారబంధాన్ని ఎత్తబోతే కొయ్య రొట్టెలా తునిగింది. చేతిలో అంతా పొడి. చెదలు. దాని కిందిదీ అంతే. దాని కిందిదీ.

అంకుల్ వచ్చి చూశాడు. వేలు పెట్టాడు. వేలు లోపలికి పోయింది.

"బీగం ఏస్తే భద్రంగా ఉంటాయనుకుంటి," అన్నాడు.

నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. అక్క నా మోచేయి గిల్లింది. ఏడాదిన్నరలో నేను మింగిన మాట అదొక్కటే.

హారతి పళ్ళెం తెచ్చింది అక్క. అందులో కత్తెర, అన్న గరిటె, మా సెంటర్ కీబోర్డు, వాటి పక్కన మడిచిన కాగితం. అన్నిటికీ కుంకుమ బొట్లు. అంకుల్ ఒక్కొక్కదాని మీదా పువ్వు వేసి, కాగితం దగ్గర ఆగాడు.

"ఇదేందమ్మా?"

"కత్తెర నాది, గరిటె అన్నది, కీబోర్డు ఈ పాపది. ఇది మా అందరిదీ సార్. మా ఆయుధం."

విప్పి చదివాడు. ముఖం ఎర్రబడింది. "పూజకని పిలిచి నోటీసు ఇస్తారా?"

కాగితం నలపబోయాడు. ఆంటీ చేయి పట్టుకుంది. "కుంకం పెట్టిన కాయితం. ఏమనేది ఉంటే నోటితో అనండి. దాన్ని నలపొద్దు."

ఆయన మళ్ళీ చదివాడు. ఈసారి నెమ్మదిగా. "వాన డ్యూటీ అని రాసిండారు. అదేంది?"

అక్క చెప్పింది. ఎందుకు ఎప్పుడూ ఆ కాలు బాగాలేని ఆమెనే కిందికి పంపుతుందో కూడా చెప్పింది. "మేము పది మందిమి ఎట్లనో పరిగెత్తుతాం సార్. ఆమె పరిగెత్తలేదు. కిందనే ఉంటే ముందు ఆమె బయట పడుతుంది."

ఏడు నెలలు ఆ డ్యూటీ చూస్తూ ఒళ్ళు మండించుకున్నదాన్ని నేను. కారణం ఆ నిమిషంలో తెలిసింది. తల ఎత్తలేకపోయాను.

అందరూ ఆమె వంక చూస్తే ఆమెకు సిగ్గేసింది. "నన్నేం చూస్తారప్పా? ఖాళీ అయింది కదా, నేనొకసారి దిగి చూస్తా," అంటూ ముందు మెట్ల మీదుగా పైకి వెళ్ళింది. అక్క తాళం చెవుల గుత్తి తీసుకుని వెంట వెళ్ళింది. పైనుంచి గ్రిల్లు కిర్రుమన్న చప్పుడు వినపడింది. మేమంతా వెనక మెట్ల కింద నిలబడ్డాం. ఒక్కొక్క మెట్టే. రెయిలింగ్ మీద ఆమె గాజుల చప్పుడు. ఒక మలుపు. ఇంకో మలుపు. ఫోన్ నా చేతిలోనే ఉంది, తీయాలని కూడా తోచలేదు. చివరి మూడు మెట్ల దగ్గర అంకుల్ ముందుకెళ్ళి చేయి అందించాడు.

ఆమె పట్టుకోలేదు. "దిగేదానికి వస్తాది సార్. దారి ఉంటే చాలు," అంది.

ఆయన కాగితం కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. కింది గ్రిల్లు తాళం మళ్ళీ వేయలేదు. మిగతా తాళాలు ఆ సాయంత్రమే అన్న విప్పి ఇచ్చేశాడు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధం. గొళ్ళేలు వారంలో వచ్చాయి. బోర్డుకు పదిహేను రోజులన్నది నలభై అయింది. మధ్యలో మళ్ళీ గులాబీలు మొదలైతే ముగ్గురం ఆయన ఇంటికెళ్ళి కూర్చున్నాం. ఆంటీ కాఫీ ఇచ్చి, భర్తను మా ముందే నిలదీసింది. పైపు మారింది. బోర్డు పొడి గోడకు ఎక్కింది. చిలుకల తలుపు ఆయన ఇంట్లో ఉంది. చెదలు తిన్నది గుజరీకి కూడా పనికిరాలేదు.

నేను మరుసటి ఏడు వేరే ఉద్యోగానికి వెళ్ళాను. తొలి వానకు అక్క వాయిస్ మెసేజ్ పంపింది. మాటలేం లేవు, మిషన్ల హోరు మాత్రమే ఉంది. పదకొండూ నడుస్తున్నాయని నాకు అర్థమైంది.

కొత్త ఆఫీసులో మొదటిరోజు హెచ్ఆర్ అమ్మాయిని రెండో మెట్ల దారి ఎటని అడిగాను. ఆమె నవ్వింది. వెళ్ళి చూస్తే అట్టపెట్టెలు అడ్డంగా ఉన్నాయి. తీయించేదాకా నా సీట్లో కూర్చోలేదు. చేరిన రోజే ఇంత పొగరా అని వెనక ఎవరో అనుకున్నారట. అనుకోనివ్వండి. చేరిన రోజే అడగకపోతే ఏ రోజు అడగాలి, పొగ వచ్చిన రోజా? ఇది పొగరే అనేవాళ్ళుంటే ఒక్క పని చేయండి. రేపు మీ ఆఫీసు వెనక మెట్లు పైనుంచి కిందిదాకా దిగండి. దిగి వచ్చాక కూడా అదే మాట నా ముఖం మీద అనగలరా?